మూత తీయని డబ్బా

(పదమూడో భాగం)

బెల్డీన్ అపోండికి ఎడమ కిడ్నీ తీసేసి ఆ గురువారానికి ఆరు వారాలు. తీసిన కిడ్నీని మందునీళ్ళ డబ్బాలో వేసి, ల్యాబ్‌లో ఇచ్చి రమ్మని ఆమె మరిది జబ్లోన్ చేతికి అందించారు. ఆ ఆసుపత్రిలో పద్ధతి అంతే. కోసేది డాక్టరు, మోసేది చుట్టం. మూడు వారాల తర్వాత రిపోర్టు తెచ్చిందీ జబ్లోనే. క్యాన్సర్ కాదు, మామూలు గడ్డ అని ఉంది అందులో. ఆదివారం ఊరి చర్చిలో, బెల్డీన్ ఫోన్లో వింటుండగా, అతను దాన్ని పైకి చదివితే ఆడవాళ్ళంతా లేచి సంతోషంతో నాలుకలు తిప్పుతూ కేకలు పెట్టారు. మేకను కోశారు.

నిన్న బుధవారం, డాక్టరుకి చూపించడానికి ఇంకో నకలు కావాలని బెల్డీన్ ల్యాబ్‌కి వెళ్ళింది. కౌంటర్ దగ్గరున్న ఆవిడ రిజిస్టరు మూడుసార్లు తిరగేసింది. తర్వాత కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది.

"అమ్మా, నీ పేరుతో మా దగ్గరికి ఏ డబ్బా రాలేదు."

రాని డబ్బాకి రిపోర్టు ఎక్కడిది?

ఆ ప్రశ్నను ఒళ్ళో పెట్టుకునే గురువారం పొద్దున బెల్డీన్ కిసుము టౌన్లో మటాటు వ్యాను ఎక్కింది. ఒళ్ళో నిజంగా ఉన్నది ఒక దిండు. రోడ్డు మీద గతుకు కనిపించినప్పుడల్లా దాన్ని ఎడమ పక్కకి అదుముకుంటోంది.

"అమ్మా, దిండుకి కూడా టికెట్ కొట్టనా?" అన్నాడు కండక్టరు, ఇద్దరు కూర్చోవాల్సిన చోట నాలుగో మనిషిని తోస్తూ.

"నా ఒంట్లో ఒక సీటు ఖాళీ అయింది నాయనా. ఇది అక్కడ కూర్చుంటుంది. నీ సీటు అక్కర్లేదు."

వ్యానులో నలుగురు నవ్వారు. ఆమె నవ్వలేదు. నవ్వితే లాగుతుంది.

కుట్లు మానాయి. మానిన చోట చర్మం మొద్దుబారి, వేలు పెడితే ఎవరి ఒంటినో తాకినట్టుంటుంది. నీళ్ళ బిందె ఎత్తకూడదు, కుట్టుమిషను తొక్కకూడదు. మిషను మీద సగం కుట్టిన స్కూలు యూనిఫారాలు ఆరు వారాలుగా అలాగే దుమ్ము పట్టి ఉన్నాయి. ఆపరేషన్ అయ్యాక, రిపోర్టు వచ్చేదాకా, రోజూ లేవగానే ఆమె చేసిన మొదటి పని ఒకటే. మూత్రం తెల్లటి ప్లాస్టిక్ మగ్గులో పట్టి, కిటికీ వెలుగులో రంగు చూసుకోవడం. జనవరిలో ఒకరోజు అది ఎర్రగా కనబడినప్పుడే ఇదంతా మొదలైంది. రిపోర్టు వచ్చిన రోజు ఆ మగ్గును చెత్తలో పారేసింది.

నిన్న సాయంత్రం ఇంకో మగ్గు కొనుక్కుంది.

డాక్టర్ వఫూలా మాటలు మెదడులో తిరుగుతున్నాయి. "గడ్డ మామిడికాయంత ఉంది. మొత్తం తీశాను. కానీ అదేమిటో, ఎంతదూరం పాకిందో చెప్పాల్సింది ల్యాబ్. పాకి ఉంటే మందు మొదలుపెట్టాలి. ఆరు వారాలకి రా. రిపోర్టు లేకుండా మాత్రం రాకు. అది లేకపోతే నేను కూడా గుడ్డివాణ్ణే."

ఆరు వారాలు ఇవాళ్టితో నిండాయి. రేపు పది గంటలకి రమ్మన్నాడు.

వ్యాను అత్తగారి ఊరు అసెంబో దారి పట్టింది. ఆపరేషన్ అయినప్పట్నుంచి బెల్డీన్ ఆసుపత్రికి దగ్గరగా టౌన్లోనే ఉంటోంది, ఇంటికి వెళ్ళడం ఇదే మొదటిసారి. ఎందుకో నెకెసా గుర్తొచ్చింది.

ఫ్లోరెన్స్ నెకెసాది ఆసుపత్రిలో పక్క మంచం. మలావా దగ్గర ఒక పల్లె. పిత్తాశయంలో రాళ్ళున్నాయేమోనని స్కాన్ తీస్తే కుడి కిడ్నీలో బొబ్బర గింజంత మచ్చ బయటపడింది. ఒకే రోజు ఇద్దరికీ ఆపరేషన్, ముందు బెల్డీన్‌కి, వెంటనే ఆమెకి. తెలివొచ్చిన మొదటి సాయంత్రం, ముక్కులో గొట్టంతోనే, నెకెసా ఇటు తిరిగి అంది:

"నీకు కుడిది మిగిలింది. నాకు ఎడమది. ఇద్దరం ఒకే మంచం మీద పడుకుంటే ఒక పూర్తి మనిషవుతాం కదే!"

ఆ నవ్వుకి ఇద్దరి కుట్లూ లాగి, నర్సు వచ్చి తిట్టింది.

నెకెసా మొగుడు చేపలమ్ముతాడు. భార్య కిడ్నీ ఎక్కడ కుళ్ళిపోతుందోనని డబ్బాను చేపల పెట్టెలో, ఐసు మధ్యలో పెట్టి ల్యాబ్‌కి పట్టుకెళ్ళాడట. ఐసు కరిగి డబ్బా మీది పేరంతా చెరిగిపోయింది. ల్యాబ్‌వాళ్ళు అతన్ని చెడామడా తిట్టి, చేతిలో ఉన్న కాగితం చూసి పేరు రాసుకున్నారట. నెకెసా ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పుకుని నవ్విందో.

రెండు వారాల కిందట ఆమె రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. పెద్ద రక్తనాళంలోకి పాకిందట. ఆ రోజు నుంచి నెకెసా నవ్వలేదు. మొన్న మంగళవారం ఫోన్ చేసి, కోళ్ళన్నీ వదినకి ఇచ్చేశానని, చిన్నదాన్ని చెల్లెలి దగ్గరికి పంపేశానని చెప్పింది. ఆ రోజు బెల్డీన్ ఫోన్ పెట్టేశాక దేవుడికి దండం పెట్టింది. నెకెసా కోసం పెట్టింది. తనకి మంచి కాగితం వచ్చినందుకు కూడా పెట్టింది. తర్వాత సిగ్గుపడింది.

వాళ్ళ ఆవరణ జెముడు కంచె దగ్గర వ్యాను ఆగింది.

*

జబ్లోన్ వాకిట్లో సైకిలు తలకిందులుగా పెట్టి, ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వెతుకుతున్నాడు. వారమంతా సైకిళ్ళు బాగుచేస్తాడు, ఆదివారం చర్చిలో పెద్దమనిషి. వదినను చూడగానే లేచి నిలబడ్డాడు.

"వదినా! చెప్పాపెట్టకుండా ఏంటిది? ఈ రోడ్డు మీద ఇంత దూరం... కుట్లు ఏమవుతాయి? కూర్చో, కూర్చో. గంజి తాగుతావా?"

బెల్డీన్ సంచిలోంచి రిపోర్టు తీసి తలకిందులుగా ఉన్న సైకిలు చక్రం మీద పెట్టింది.

"చదువు."

"ఏంటి?"

"చర్చిలో చదివినట్టే. గట్టిగా."

అతను తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. కాగితం తీసుకుని రెండు వాక్యాలు చదివాడు. గొంతు ఆదివారంలా లేదు.

"కింద సంతకం ఎవరిది?"

"ల్యాబ్ డాక్టరుగారిది కదా."

"పేరు చదువు."

"డాక్టర్ పి. లిహండా."

"ఆ పేరుతో అక్కడ డాక్టరూ లేడు, తలుపు తీసే మనిషీ లేడు. నిన్న నేనే వెళ్ళి అడిగాను."

"మారిపోయాడేమో వదినా. వాళ్ళకి బదిలీలు..."

"అబద్ధం చెప్పినప్పుడల్లా మీ అన్న కూడా ఇలాగే చెవి గోక్కునేవాడు. గోకుడు ఆపి చెప్పు జబ్లోన్. ఇది ఎవరు రాశారు?"

అతను చెవి మీద నుంచి చెయ్యి దించాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు సైకిలు పెడల్ పట్టుకున్నాడు. చక్రం గిర్రున తిరిగింది.

"బస్టాండు దగ్గర సైబర్ కొట్టు."

బెల్డీన్ అతని చేతిలోంచి కాగితం తీసుకుంది.

"ఆసుపత్రి కాగితం నా దగ్గరే ఉంది కదా, అందులో నీ పేరు, వయసు అన్నీ ఉన్నాయి. ఆ కొట్టావిడకి ఇలాంటివి అలవాటే. స్కూలు సర్టిఫికెట్లు, పుట్టిన కాగితాలు చేస్తుంది. ముద్ర కూడా ఆమే వేసింది." అతను పెడల్ వదిలేశాడు. "అంతా టైపు చేశాక అడిగింది, 'అన్నా, జబ్బుందని రాయనా, లేదని రాయనా?' అని."

"నువ్వేమన్నావు?"

జబ్లోన్ మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. అతని కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఏమంటాను వదినా? నువ్వే ఉంటే ఏం రాయమంటావు?"

తిరుగుతున్న చక్రం ఆగే దాకా ఇద్దరూ దాన్నే చూశారు. మూడు వారాల సంతోషం, పాటలు, మేక మాంసం, చెత్తలో పారేసిన మగ్గు. అన్నీ సైబర్ కొట్లో ఒక ఆడమనిషి అడిగిన ప్రశ్నకి జవాబు.

"నా కిడ్నీ ఎక్కడ?"

 అతని కళ్ళు అదే ఆవరణలో ఉన్న ఆమె ఇంటి ఎడమ పక్కకి వెళ్ళి, అక్కడ ఆగి, కిందికి వాలాయి.

బెల్డీన్ అటు తిరిగింది. ఇంటికి కుడి పక్కన ఆమె భర్త ఒకూము సమాధి, సిమెంటు పలక, ఏడేళ్ళ కిందటిది. భర్తకి కుడి పక్క, భార్యకి ఎడమ పక్క. ఈ ఆవరణలో అందరికీ తెలిసిన లెక్క అది. ఎడమ పక్క ఖాళీ నేల. ఏడేళ్ళుగా ఆ నేలను చూస్తూనే ఆమె బట్టలు ఆరేసుకుంది.

ఇప్పుడది ఖాళీగా లేదు. జానెడు మట్టి దిబ్బ, దాని చుట్టూ గుండ్రంగా పేర్చిన రాళ్ళు.

ఆమె కన్నా ముందు ఆమె కిడ్నీ వెళ్ళి తన చోట్లో పడుకుంది.

*

"వాణ్ణేమీ అనకు. పాతించింది నేను."

అత్తగారు డోర్సిలా గుమ్మంలో నిలబడి ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. చేతికర్ర ఉంటుంది గానీ దాన్ని నడవడానికి వాడదు, చూపించడానికి వాడుతుంది.

"అత్తా, అది ల్యాబ్‌కి వెళ్ళాలి."

"నాకు తెలుసు ఎక్కడికి వెళ్ళాలని చెప్పారో. మీ మామ కాలుకీ అలాగే చెప్పారు. షుగరొచ్చి కోశారు. కాలేదీ అంటే కాల్చేశామన్నారు. ఊరికే అన్నారు, చెత్త కాల్చామన్నట్టు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పటికీ నా కలలోకి ఒంటికాలితో వస్తాడు. గోడ పట్టుకుని గెంతుతూ వస్తాడు. 'డోర్సిలా, నా రెండోది ఎక్కడ పెట్టావు?' అంటాడు. ఏం చెప్పమంటావు?"

"నువ్వు..."

"నా మాట పూర్తి కానీ. ఆ రోజే ఒట్టేసుకున్నాను. ఈ ఇంట్లో మనిషిది గోరు ముక్క కూడా ఆ టౌన్లో వదలనని. నా కోడలివి నువ్వు. నా కొడుకు పక్కన పడుకోవాల్సినదానివి. సగం ఇక్కడా, సగం ఏ సీసాలోనో ఉంటావా? అదీ కాక కిడ్నీలు అమ్ముకుంటారని ఊరంతా చెప్పుకుంటున్నారు."

"జబ్బు పట్టిన కిడ్నీని ఎవరు కొంటారత్తా? సంతలో పుచ్చు వంకాయ కూడా నువ్వు కొనవు."

జబ్లోన్‌కి నవ్వొచ్చింది. తల్లి కర్ర లేపగానే ఆగిపోయింది.

బెల్డీన్ దిండు పక్కకి అదుముకుని దిబ్బ వైపు నడిచింది. ఆమె కన్నా ముందు డోర్సిలా వెళ్ళి, కాళ్ళు చాపి, ఆ రాళ్ళ మధ్యన కూర్చుంది.

"పాతింది తవ్వకూడదు."

"లేవత్తా."

"తెరిచిన గొయ్యి ఖాళీగా ఊరుకోదు. ఇంకోదాన్ని అడుగుతుంది. నీకు తెలియదా?"

"తెలుసు. కానీ ఒంట్లో ఏముందో నాకు తెలియదు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఏం తీసుకెళ్ళను? సైబర్ కొట్టు కాగితమా?"

"దేవుడు బాగుచేశాడని అనుకో. చర్చిలో అందరూ నమ్మారు. నువ్వూ నమ్మావు. తిన్నావు, నిద్రపోయావు. రంగొచ్చింది నీకు."

అదే నిజం కావడం బెల్డీన్‌కి ఎక్కువ కోపం తెప్పించింది. మూడు వారాలు నిజంగానే నిద్రపోయింది. ఆ నిద్ర దొంగ నిద్ర అని ఇప్పుడు తెలిసింది. ఆమె కూడా కిందికి వంగింది. నొప్పికి పళ్ళు బిగించి, అత్తగారికి ఎదురుగా మట్టిలో కూర్చుంది. ఇద్దరి మోకాళ్ళ మధ్య ఆ దిబ్బ.

"అత్తా, చిన్నమామ సరస్సులో మునిగిపోయాడు కదా. ఒళ్ళు దొరకలేదు."

డోర్సిలా కర్రతో ఒక రాయిని సర్దింది.

"మరి ఆయన సమాధిలో ఏం పెట్టారు?"

"యాగో కాయ." ముసలామె గొంతు తగ్గింది. "మనిషి దొరకనప్పుడు యాగో కాయే పెడతారు. అందరూ పెడతారు."

"నువ్వే గుడ్డ చుట్టి పెట్టావంట. ఏడ్చావంట. మూడు రోజులు పొయ్యి వెలిగించలేదంట. ఆయనెప్పుడైనా కలలోకి వచ్చి నా ఒళ్ళేదని అడిగాడా?"



"లేదు," అంది డోర్సిలా.

"మనిషంతటివాడికే కాయ సరిపోయిందే! నా ఒక్క కిడ్నీకి సరిపోదా? నాకూ ఒక కాయ పెట్టు. నాది నాకిచ్చెయ్. అది చెబితేనే నేను ఈ చోట్లోకి ఇప్పుడు రావాలా, ముసలిదాన్నయ్యాక రావాలా అని తెలుస్తుంది."

అత్తగారు కోడలి ముఖంలోకి చూసింది. తర్వాత తన చేతి కింద మట్టిని చూసింది. కర్ర ఊతంగా పెట్టుకుని లేచింది. ఆ కర్ర మీద ఆమె బరువు పడటం బెల్డీన్ చూడటం అదే మొదటిసారి.

"ముందు కాయ రావాలి," అంది డోర్సిలా. "తర్వాతే పార. అంతవరకు ఎవరైనా మట్టి ముట్టుకుంటే చేతులు విరగ్గొడతాను."

*

వాగు ఒడ్డున ఉన్న యాగో చెట్టు దగ్గరికి డోర్సిలానే వెళ్ళింది. జబ్లోన్ వస్తానంటే వద్దంది. అరగంట తర్వాత తిరిగొచ్చింది. మూరెడు పొడుగు కాయ, బూడిద రంగుది, గుడ్డలో చుట్టి ఉంది. పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చింది.

"ఇప్పుడు తవ్వు."

జబ్లోన్ రాళ్ళు తీసి పార వేశాడు. బెల్డీన్ ఇంటి మెట్టు మీద కూర్చుని ఒకే ప్రశ్నను మనసులో తిప్పుతోంది. దాన్ని పైకి అడగడానికి భయం వేసింది. చివరికి అడిగింది.

"అత్తా, పాతేటప్పుడు డబ్బాతోనే పాతావా? మూత తీశావా?"

పార ఆగింది.

నిన్న కౌంటర్ ఆవిడ చెప్పిన ఇంకో మాట ఇది: ఆ నీళ్ళలో ఉన్నంతకాలం నెలలైనా చెడదు. నీళ్ళు పారబోశారా, ఇక దేవుడు కూడా చదవలేడు.

"తీసి గుడ్డలో పెడదామనే అనుకున్నాను," అంది డోర్సిలా. "పరాయి డబ్బాలో పెట్టి పాతడమేంటి? మూత కొంచెం తిప్పాను. ఆ వాసనకి కళ్ళు మండిపోయాయి. గిత్త కొమ్ము తగిలినట్టయింది. మళ్ళీ బిగించేశాను."

"పూర్తిగా తీయలేదు కదా?"

"తీయలేదంటున్నాను కదా! అలాగే సంచిలో కట్టి పెట్టేశాం."

బెల్డీన్ ఊపిరి వదిలింది. ఆరు వారాల తర్వాత నొప్పి లేకుండా తీసుకున్న మొదటి ఊపిరి అదేననిపించింది. డబ్బా ఉంది. నీళ్ళున్నాయి. మధ్యాహ్నం వ్యాను పట్టుకుంటే ల్యాబ్ మూసేలోపు చేరవచ్చు. ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది, పడనీ. డాక్టరుకి నిజం చెబుతుంది. ఏదైనా సరే, నిజం తెలిస్తే చాలు. మూడు వారాలు అబద్ధంతో బతికాక, చెడ్డదే అయినా నిజం మీద ఆకలేసింది ఆమెకి.

పారకి మెత్తగా తగిలింది. జబ్లోన్ మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మట్టి తీశాడు. ముందు ఆకుపచ్చ గళ్ళ గుడ్డ కనబడింది. యూనిఫారాలు కుట్టగా మిగిలిన ముక్కను బెల్డీనే ఒకసారి అత్తగారికి ఇచ్చింది. గుడ్డ లోపల నల్ల ప్లాస్టిక్ సంచి. దాని మూతికి మూడు ముళ్ళు.

అతను ముఖం పక్కకి తిప్పుకుని సంచిని అందించాడు.

"ఆ రోజు కూడా ఇలాగే పట్టుకెళ్ళావా?" అంది బెల్డీన్ ముళ్ళు విప్పుతూ. "ముఖం తిప్పుకుని?"

"నాకు ఇలాంటివి చూడ్డం చేతకాదు వదినా. నర్సు తలుపు తీసి ట్రే పట్టుకొచ్చింది. రెండు పేర్లు పిలిచింది. నేను అటు చూడలేదు. చేతికి దగ్గర్లో ఉన్న డబ్బా తీసుకుని సంచిలో వేసుకున్నాను."

ముడి మీద బెల్డీన్ వేళ్ళు ఆగాయి.

"ట్రేలో ఎన్ని డబ్బాలున్నాయి?"

"రెండు."

ఆమె మిగిలిన ముడి విప్పలేదు, చింపేసింది. తెల్ల ప్లాస్టిక్ డబ్బా. మూత గట్టిగా ఉంది. ఊపితే లోపల నీళ్ళు కదిలాయి. సంచిలో ఉండటం వల్ల తడి తగల్లేదు. డబ్బా నడుముకి చుట్టిన తెల్ల టేపు మీద నర్సు రాత ఒక్క అక్షరం కూడా చెరగలేదు.

ఫ్లోరెన్స్ నెకెసా. కుడి.

"ఏంటి వదినా? ఏముంది?"

బెల్డీన్ డబ్బాను మెట్టు మీద జాగ్రత్తగా పెట్టింది. ఫోన్ తీసి నంబరు నొక్కింది. చాలాసార్లు మోగాక అటు నుంచి నెమ్మదైన గొంతు వచ్చింది.

"ఏమే సగం మనిషీ. ఇంకా పోలేదు, కంగారుపడకు. మా ఆయన శవపెట్టె చెక్క చూడ్డానికి వెళ్ళాడు. మంచిది దొరకదు ఈ రోజుల్లో."

"నెకెసా, నీ రిపోర్టు దగ్గర్లో ఉందా?"

"దిండు కిందే ఉంది. బైబిలూ అదీ కలిసి పడుకుంటాయి. ఎందుకు?"

"మొదటి వాక్యం చదువు."

"ఇప్పుడా? నాకు చదవాలని లేదే. నేనిక ఆ కాగితం..."

"నీ కాళ్ళు పట్టుకుంటాను. చదువు."

అటు కాగితం చప్పుడు. గొంతు సవరించుకోవడం.

"'పరీక్షకు వచ్చినది: ఎడమ కిడ్నీ. గడ్డ కొలత తొమ్మిది సెంటీమీటర్లు. పెద్ద రక్తనాళంలోకి...' మిగతాది నీకు తెలుసు."

"ఎడమ అనే ఉందా?"

"ఆ. అది టైపు తప్పంట. ఇక్కడి చిన్నాసుపత్రి డాక్టరుని అడిగాను. కుడి అని ఉండాల్సింది ఎడమ అని పడిందన్నాడు. చచ్చేవాళ్ళ కాగితం కూడా సరిగ్గా కొట్టలేరు వీళ్ళు."

బెల్డీన్ చెయ్యి దానంతటదే ఎడమ పక్కకి వెళ్ళింది. మొద్దుబారిన చర్మం మీద, ఎవరి ఒంటి మీదో పెట్టినట్టు, అక్కడే ఉండిపోయింది. మామిడికాయంత, అన్నాడు వఫూలా.

ఎదురుగా అత్తగారు వంగి గుడ్డలో చుట్టిన కాయను గోతిలోకి దించుతోంది. పెదవులు ఏదో అంటున్నాయి. జబ్లోన్ పారతో మట్టి లాగుతున్నాడు. ఇంటికి ఎడమ పక్క.

"ఏమే, లైన్లో ఉన్నావా?"

"ఉన్నాను." తన గొంతు ఎంత మామూలుగా ఉందో విని బెల్డీన్‌కే ఆశ్చర్యం వేసింది. "నీ కోళ్ళు మీ వదినకిచ్చానన్నావు కదా. ఇంకా కోయలేదు కదా?"

"కోయలేదనుకుంటా. ఏం?"

"వెళ్ళి వెనక్కి తెచ్చుకో."

"పిచ్చా నీకు? ఎందుకు?"

"రేపు పది గంటలకల్లా వఫూలా దగ్గరికి రా. నీది నా దగ్గరుంది. మూత తీయని డబ్బాలో, భద్రంగా ఉంది. దాన్నింకా ఎవరూ చూడలేదు. అందులో ఏముందో నాకు తెలియదు. నీ దిండు కింద ఉన్న కాగితం మాత్రం నీది కాదు."

అటు వైపు ఊపిరి ఆగింది. ఇటు పార ఆగింది. అత్తగారు తలెత్తి చూసింది.

ఎక్కడో బావి అడుగు నుంచి వచ్చినట్టు, నెకెసా గొంతు వినబడింది.

"మరి... ఎవరిదే?"